చప్పుడు తోడుగా అడుగు: పార్కిన్సన్స్ ఉన్నవారి నడకకు ఫోను, సెన్సర్లతో ఇంట్లో సాధన

హాల్లో ఆ మూల నుంచి ఈ మూలకు బాగానే నడిచి వచ్చిన మనిషి, వంటింటి గడప ముందు టక్కున ఆగిపోతారు. పాదాలను బంక పెట్టి నేలకు అతికించినట్టు ఉంటుంది. పైన ఒళ్లు ముందుకు తూగుతుంటుంది, కింద కాళ్లు కదలవు. వెనక నుంచి ఇంట్లోవాళ్లు "ఏం లేదు నాన్నా, వచ్చెయ్, వచ్చెయ్" అంటారు. ఆ తొందరకు కాళ్లు ఇంకా బిగుసుకుంటాయి. అదే మనిషి పక్కన నిలబడి నిదానంగా చప్పట్లు కొడుతూ "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అనండి. చాలాసార్లు గడప దాటేస్తారు.

మా పెద్దనాన్న దగ్గర ఇది మొదటిసారి చూసినప్పుడు గారడీ అనుకున్నాను. తర్వాత చదివితే అర్థమైంది. నడక మనం ఆలోచించి చేసే పని కాదు. లోపల ఒక తాళం దానంతట అది నడుస్తుంటుంది. మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా అనే భాగం ఆ తాళాన్ని, అంగ పొడవును చూసుకుంటుంది. ఈ జబ్బులో మెదడులోని డోపమైన్ అనే రసాయనం తగ్గేకొద్దీ అంగలు చిన్నవవుతాయి, లయ తప్పుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. బయటి నుంచి తాళం వినిపిస్తే మెదడు వేరే దారిని, చిన్నమెదడు వైపు దారిని ఎక్కువగా వాడుకుని కాలు కదిలిస్తుందని పరిశోధకుల అంచనా. అంటే దారి మూసుకుపోయిన చోట పక్క సందులోంచి వెళ్లడం లాంటిది.

ఈ వ్యాసం ఆ పక్క సందును ఇంట్లో ఎలా వాడుకోవాలో చెప్పడానికి. మీరు పార్కిన్సన్స్ ఉన్నవారైనా, వాళ్లను చూసుకునే కొడుకో కూతురో కోడలో అయినా పనికొస్తుంది. మన పెద్దలు వణుకుడు జబ్బు అన్నా, ఆయుర్వేదం కంపవాతం అన్నా దీని గురించే.

చప్పుడు రెండు రకాలు

మొదటిది, మనం వెంట నడవాల్సిన చప్పుడు. సమంగా తాళం వేసే మెట్రోనోమ్ అనే సాధనం టిక్కు టిక్కుమంటుంది, మీరు దానికి అడుగు కలుపుతారు. మీరు ఎలా నడిచినా దానికి పట్టదు, దాని దారిన అది మోగుతుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మైకేల్ థాట్ బృందం 1996లో ప్రచురించిన అధ్యయనం ఈ పద్ధతికి పునాది. మూడు వారాల పాటు రోజూ అరగంట తాళంతో నడిచినవారి వేగం 25 శాతం, అంగ పొడవు 12 శాతం పెరిగాయి. తాళం లేకుండా అంతే నడిచినవారిలో వేగం 7 శాతమే పెరిగింది.

రెండోది, మీ అడుగుకు బదులు పలికే చప్పుడు. కాలికి కట్టిన గజ్జెను తలుచుకోండి. అడుగు గట్టిగా పడితే గట్టిగా, ఈడిస్తే నీరసంగా మోగుతుంది. నాట్యం నేర్పే గురువు కళ్లు మూసుకుని కూడా శిష్యురాలి అడుగు తప్పును పట్టేస్తుందంటే ఆ గజ్జెల వల్లే. సెన్సర్‌తో చేసేది ఇదే. పాదం దగ్గరో కాలి పిక్కకో నడుముకో ఒక సెన్సర్ పెడతారు, అది అడుగును కొలుస్తుంది, ఆ కొలతను బట్టి చప్పుడు వస్తుంది లేదా ఆగుతుంది.

చాలామంది నేరుగా రెండోదానికి వెళ్లి, వస్తువులు కొని, వారం రోజుల్లో అటక మీద పడేస్తారు. ముందు మొదటిది కుదరాలి. తాళానికి అడుగు కలపడమే రాని మనిషికి, తన అడుగు చప్పుడు విని సరిదిద్దుకోమంటే గందరగోళమే.

మొదలుపెట్టే ముందు

న్యూరాలజిస్టుకు, ఫిజియోథెరపిస్టుకు చెప్పి మొదలుపెట్టండి. గత కొన్ని నెలల్లో పడిపోయి ఉంటే, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే (ఈ జబ్బులోను, దీని మందులతోను బీపీ పడిపోవడం మామూలే), మతిమరుపు బాగా ఉండి చెప్పిన మాట నిలవకపోతే, మొదటి సాధన ఫిజియో ఎదుట జరగాలి. మోకాళ్ల నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకు అంగ పెంచడం కంటే ముందు ఆ నొప్పి సంగతి చూడాలి.

సాధన ఎప్పుడు చేయాలన్నది మాత్ర మీద ఆధారపడి ఉంటుంది. ఈ జబ్బుకు వాడే లెవోడోపా మాత్ర వేసుకున్నాక ఒళ్లు తేలికపడే వేళ ఒకటి ఉంటుంది, మందు దిగిపోయి బిగుసుకుపోయే వేళ ఒకటి ఉంటుంది. కొత్త పని నేర్చుకోవడం తేలికపడిన వేళలోనే. పప్పు, పాలు, గుడ్డు, మాంసం లాంటి మాంసకృత్తుల తిండి ఈ మందు ఒంటికి పట్టకుండా పోటీపడుతుంది కాబట్టి, భోజనానికీ మాత్రకూ మధ్య ఎంత ఎడం ఉండాలో డాక్టరును అడిగి గోడ మీద రాసిపెట్టుకోండి. ఇంకో మాట. దూలగొండి గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంటుంది. అందుకే ఆ పొడిని మాత్రతో పాటు సొంతంగా వాడకూడదు. మోతాదు తెలియకుండా రెట్టింపవుతుంది.

కాళ్లకు హవాయి చెప్పులు వద్దు. మడమ పట్టుకునే బూట్లు కావాలి. అడుగున మరీ పట్టు ఉండే రబ్బరు కూడా వద్దు, ఈడ్చే పాదం దానికి తట్టుకుని ముందుకు పడతారు. దారిలో కాలిపట్టాలు తీసేయండి, తడి గుడ్డ పెట్టిన నేల ఆరేదాకా ఆగండి. తోడు నడిచేవాళ్లు ఎదురుగా కాకుండా పక్కన, కాస్త వెనగ్గా ఉండాలి.

మొదటి మెట్టు: పది బండల లెక్క

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు చాలా ఇళ్లలో నేలకు వేస్తున్న పెద్ద టైల్స్ పక్కకు 60 సెంటీమీటర్లు ఉంటాయి. ముందు ఒకటి టేపుతో కొలిచి చూడండి. పది టైల్స్ వరసగా ఉంటే 6 మీటర్లు. హాలు, వరండా, మేడ మీద, అపార్టుమెంటు కారిడార్, ఎక్కడ దొరికితే అక్కడ. మొదటి గీత, చివరి గీత దగ్గర రంగు టేపు అంటించండి. నడక మాత్రం మొదటి గీతకు రెండు టైల్స్ వెనక నుంచి మొదలై, చివరి గీత దాటి రెండు టైల్స్ అవతల ఆగాలి. మొదలెట్టే అడుగులు, ఆగే అడుగులు లెక్కను పాడుచేస్తాయి కాబట్టి మధ్యవే లెక్కపెట్టాలి.

రెండు గీతల మధ్య ఎన్ని అడుగులు పడ్డాయి, ఎన్ని సెకన్లు పట్టింది, ఈ రెండే రాసుకోండి. మూడుసార్లు నడిపించి మధ్యస్థంగా ఉన్నది తీసుకోండి.

16 అడుగులు, 9.6 సెకన్లు అనుకుందాం. 600ను 16తో భాగిస్తే ఒక్కో అడుగు 37.5 సెంటీమీటర్లు. నిమిషానికి 100 అడుగులు. ఇక్కడ గమనించాల్సింది ఉంది. నిమిషానికి 100 అంటే అడుగుల వేగం మామూలుగానే ఉంది. తక్కువైంది అంగ. పార్కిన్సన్స్ నడకలో చాలామందికి జరిగేది ఇదే. కాళ్లు గబగబా ఆడుతుంటాయి, దారి మాత్రం సాగదు. అందుకని మన పని కాళ్లను తొందరపెట్టడం కాదు, అంగ సాగదీయడం. పది బండల మీద అడుగుల సంఖ్య తగ్గాలి. 16 కాస్తా 15 అయితే ఒక్కో అడుగు 40 సెంటీమీటర్లు అయినట్టు. 14 అయితే దాదాపు 43. ఇకపై ఏ చప్పుడు వాడినా, ఏ యంత్రం తగిలించినా, అది పనిచేస్తోందా లేదా అన్నది ఈ లెక్కే చెబుతుంది. చప్పుడు పెట్టాక అడుగుల సంఖ్య పెరిగిందంటే ఆ చప్పుడు చెడు చేస్తోందని అర్థం, వెంటనే ఆపండి.

రెండో మెట్టు: ఫోనులోని సెన్సర్‌తో కొలవడం

అడుగులు చేత్తో లెక్కపెట్టగలిగినప్పుడు సెన్సర్ దేనికని అడగొచ్చు. చెయ్యి ఎన్ని అడుగులో చెబుతుంది, ఒకదానికొకటి ఎంత సమంగా పడ్డాయో చెప్పదు. మీ ఫోనులో త్వరణం కొలిచే సెన్సర్, తిరుగుడు కొలిచే గైరోస్కోపు ఈపాటికే ఉన్నాయి. ఫోను అడ్డం తిప్పితే బొమ్మ తిరిగేది వాటి పుణ్యమే.

ఫైఫాక్స్ (phyphox) అనే ఉచిత యాప్ ఉంది. జర్మనీలో ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు భౌతికశాస్త్ర ప్రయోగాల కోసం తయారుచేశారు. అది దించుకుని, త్వరణం స్పెక్ట్రమ్ చూపించే ప్రయోగం తెరవండి. ఫోనును నడుము వెనక భాగంలో, వెన్ను చివరన, నిలువుగా పెట్టి బెల్టుతోనో ఎలాస్టిక్ పట్టీతోనో కదలకుండా బిగించండి. లుంగీ ముడిలో దోపితే కుదరదు, ఊగుతుంది. మెనూలో టైమ్ పెట్టే సౌకర్యం ఉంది. అయిదు సెకన్ల తర్వాత మొదలై, ముప్పై సెకన్లు నమోదు చేసి ఆగేలా పెట్టండి. ఫోను వీపు వెనక ఉంటే తెర చూడలేరు కదా, దానికీ మార్గముంది. అదే మెనూలో రిమోట్ యాక్సెస్ నొక్కితే ఒక చిరునామా చూపిస్తుంది. అదే వైఫైలో ఉన్న లాప్‌టాప్ బ్రౌజర్లో ఆ చిరునామా కొడితే గీతలు అక్కడ కనిపిస్తాయి. ఫోను నాన్నగారి నడుముకు, తెర మీ చేతిలో.

గీతలో అన్నిటికంటే ఎత్తయిన మొన ఏ సంఖ్య దగ్గరుందో చూడండి. 1.7 దగ్గర ఉంటే సెకనుకు 1.7 అడుగులు, 60తో గుణిస్తే నిమిషానికి 102. మొన సన్నగా నిటారుగా ఉంటే అడుగులు సమంగా పడుతున్నట్టు. వెడల్పుగా చెదిరి ఉంటే లయ తప్పుతున్నట్టు. ఒక్కోసారి 0.85 దగ్గర మొన వచ్చి కంగారు పెడుతుంది. ఫోను ప్యాంటు జేబులో పెడితే ఇలా ఎక్కువ జరుగుతుంది. అది ఒకే కాలు మళ్లీ పడే లెక్క, రెట్టింపు చేసుకోండి.

కాళ్లు అతుక్కుపోయే మనుషుల్లో ఇంకో విషయం చూడొచ్చు. బయటికి కదలనట్టే ఉన్నా ఆ సమయంలో మోకాళ్లు సన్నగా వణుకుతుంటాయి. మామూలు నడక శక్తి 3 హెర్ట్జ్ (అంటే సెకనుకు మూడు ఊపులు) లోపల ఉంటే, ఈ వణుకు 3 నుంచి 8 హెర్ట్జ్ మధ్యలో కనిపిస్తుంది. ఈ రెండింటి నిష్పత్తి చూసే యంత్రాలు అతుకుపాటును పసిగడతాయి. జ్యూరిచ్, టెల్ అవీవ్ పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగంలో పదిమందికి కాళ్లకు, నడుముకు సెన్సర్లు కట్టి, కాళ్లు అతుక్కోగానే చెవిలో తాళం మొదలయ్యేలా, మళ్లీ నడవగానే ఆగేలా చేశారు. ఇంట్లో మనం అంత చేయలేం, చేయనక్కర్లేదు. కానీ ఫోను కూడా పిక్క మీద కట్టి ఆ గీత ఒక్కసారి చూస్తే, "కావాలని ఆగిపోతున్నాడు" అని విసుక్కునేవాళ్ల నోళ్లు మూతపడతాయి.

మూడో మెట్టు: తాళం పెట్టడం

ఏదైనా ఉచిత మెట్రోనోమ్ యాప్ చాలు. మొదటి మూడు రోజులు ఆయన సొంత వేగానికే పెట్టండి. పైన చెప్పిన ఉదాహరణలో 100. మొదట కూర్చోబెట్టి తాళానికి తొడ మీద చెయ్యి వేయించండి. తర్వాత కుర్చీ పట్టుకుని నిలబడి, ఉన్నచోటే పాదాలు ఎత్తి దించడం. అది కుదిరాకే నడక. నడక మొదలెట్టేటప్పుడు తాళం వినిపించగానే బయల్దేరకూడదు. నాలుగు దెబ్బలు విని, అయిదో దెబ్బకు కాలు వేయాలి. భజనలో తాళం అందుకునేవాళ్లు చేసేది ఇదే.

తర్వాత వేగం మార్చేటప్పుడు మనుషులను రెండు రకాలుగా చూడాలి. కాళ్లు అతుక్కుపోయే ఇబ్బంది లేనివాళ్లకు 5 నుంచి 10 శాతం పెంచి చూడొచ్చు, 100 ఉన్నదాన్ని 105 లేదా 110కి. అతుక్కుపోయేవాళ్లకు మాత్రం పెంచకండి, ఒక పది శాతం తగ్గించి 90 పెట్టండి. బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 2006లో గమనించింది ఇదే. తాళం 10 శాతం పెంచితే మామూలువాళ్ల అంగ సాగింది, అతుక్కుపోయేవాళ్ల అంగ ఇంకా కురచైంది. వేగం మార్చిన ప్రతిసారీ పది బండల లెక్క మళ్లీ చూడండి.

చప్పుడు ఎలాంటిది ఉండాలన్నది కూడా ముఖ్యమే. వయసు మీద పడ్డవాళ్లకు సన్నటి కీచు శబ్దాలు ముందుగా వినపడకుండా పోతాయి. యాప్‌లో ఉండే సన్నటి టిక్కు బదులు డప్పు దెబ్బలాంటి బరువైన మోత ఎంచుకోండి.

పాటలు కావాలంటే పెట్టుకోవచ్చు, పైగా రోజూ టిక్కు టిక్కు వినడం కంటే ఎవరైనా పాటకే సంతోషిస్తారు. కానీ తాళం చూసి ఎంచాలి. నడకకు రెండు కాళ్లు, అందుకని రెండుగానో నాలుగుగానో విరిగే తాళమే కావాలి. ఆదితాళం ఎనిమిది దెబ్బలు, బ్రహ్మాండంగా సరిపోతుంది. కోలాటం, చెక్కభజన పాటలు కాలు కదపడానికే పుట్టాయి. ఏడు దెబ్బల మిశ్రచాపు ఎంత ఇంపుగా ఉన్నా నడకకు పనికిరాదు, ఒక ఆవర్తం ఎడమ కాలితో మొదలైతే తర్వాతిది కుడి కాలితో మొదలవుతుంది. మూడుగా ఊగే తిస్రం పాటలదీ అదే గొడవ. పాట వేగం తెలుసుకోవడానికి మెట్రోనోమ్ యాప్‌ల్లో చాలావాటిలో వేలితో తట్టే బటన్ ఉంటుంది. పాట పెట్టి దరువుకు తట్టితే సంఖ్య చూపిస్తుంది. దరువు పైకే వినపడే పాటలే తీసుకోండి. వయొలిన్ మీద సాగే ఆలాపన మధ్యలో వస్తే కాలు ఎక్కడ వేయాలో తెలియక ఆగిపోతారు.

నాలుగో మెట్టు: అడుగుకు బదులు పలికే చప్పుడు

రెండు మూడు వారాలు తాళంతో నడక కుదిరాక ఇక్కడికి రండి. ఖర్చు లేని మార్గం నుంచి మొదలుపెడతాను.

కంకర చప్పుడు. ఇందులో సెన్సర్ లేదు, కానీ వినే చెవికి ఇది మంచి శిక్షణ. ఇల్లు కట్టే చోట పోసిన కంకర మీదో గులకరాళ్ల దారిలోనో ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు పెద్ద అంగలతో నడుస్తుండగా ఫోనులో రికార్డు చేయండి. కంకర మీద అడుగు చప్పుడు టిక్కులా తెగిపోదు. మడమ ఆనడం, బరువు పడడం, వేళ్లతో నెట్టడం మొత్తం కరకరమని సాగుతూ వినిపిస్తుంది, అంగ ఎంత పెద్దదో అందులోనే తెలుస్తుంది. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో పార్కిన్సన్స్ ఉన్నవారితో ఇదే ప్రయత్నించి, వినిపించిన అడుగుల నిడివిని బట్టి వాళ్ల అంగ మారడం చూశారు. ఆ రికార్డింగు చెవిలో పెట్టి, "ఆ చప్పుడు మీ కాళ్లదే అనుకోండి" అని నడిపించండి.

గజ్జె. ఒక్క కాలికి చిన్న గజ్జెల పట్టీ కట్టి, కాలు ఎత్తి వేసినప్పుడు మోత ఎలా ఉందో, ఈడ్చినప్పుడు ఎలా ఉందో వినిపించండి. ఇజ్రాయెల్‌లోని టెక్నియన్‌లో యోరామ్ బారమ్ తయారుచేసిన పరికరం సూత్రం కూడా ఇలాంటిదే. సెన్సర్ పెట్టుకున్న మనిషికి ప్రతి అడుగుకూ చెవిలో ఒక టిక్కు వినిపిస్తుంది. అడుగులు సమంగా పడితే టిక్కులు సమంగా, తడబడితే తడబడుతూ. మనిషి ఆ టిక్కులను సమం చేసుకునే ప్రయత్నంలో నడకను సమం చేసుకుంటాడు. గజ్జెకు మా పెద్దనాన్న ఒప్పుకోలేదు. "ఈ వయసులో భామాకలాపం ఆడిస్తావురా" అన్నారు. బలవంతపెట్టకండి, పెద్దవాళ్ల మర్యాద పెద్దవాళ్లది.

మడమ బజర్. ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే ఇది ఒక ఆదివారం పని. నొక్కితే నిరోధం తగ్గే పలచటి సెన్సర్ ఒకటి బూటు లోపలి అట్ట కింద, సరిగ్గా మడమ దగ్గర పెట్టాలి. దానికి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ జతచేసి, ఆర్డుయినో నానో లాంటి చిన్న బోర్డుకు కలిపి, విలువ ఒక హద్దు దాటగానే బజర్ కూసేలా రాయాలి. ఒక కూత తర్వాత కనీసం 300 మిల్లీసెకన్లు మళ్లీ కూయకుండా ఆపాలి, లేకపోతే ఒకే అడుగుకు రెండు మూడు కూస్తుంది. దీని ఉపయోగం ఎక్కడంటే, పాదం ఈడ్చేవాళ్లు మడమ ముందు ఆనించరు, పాదం మొత్తాన్నో మునివేళ్లనో వేస్తారు. అందుకని హద్దు కాస్త ఎక్కువగా పెడితే, మడమ గట్టిగా ఆనిన అడుగే కూస్తుంది, మిగతావి మూగబోతాయి. చెప్పకుండానే మనిషి మడమ ఆనించడం మొదలుపెడతాడు. తీగలు పిక్క వెనగ్గా పైకి తీసి ప్లాస్టరు వేయండి, కాళ్లకు అడ్డం పడకూడదు. బోర్డు నడుముకు కట్టుకునే పర్సులో ఉంటుంది.

పిక్క మీద గైరోస్కోపు. ఇది అంగ పొడవుకు. ఎంపీయూ 6050 అనే చవక సెన్సర్‌ను మోకాలి కింద పిక్క పక్కన బిగించాలి. కాలు ముందుకు ఊగేటప్పుడు తిరుగుడు వేగం ఒక శిఖరానికి చేరుతుంది, ఊపు పెద్దదైతే శిఖరం పెద్దది. మామూలుగా నడిచిన ఇరవై అడుగుల శిఖరాల సగటు తీయండి. దానికి అయిదు శాతం పైన హద్దు పెట్టండి. హద్దు దాటిన అడుగుకే చప్పుడు. పది అడుగుల్లో ఏడెనిమిదింటికి చప్పుడు వచ్చేలా హద్దును సర్దాలని నా అభిప్రాయం. రెండుమూడింటికే వస్తే మనిషి నీరుగారిపోతాడు, అన్నిటికీ వస్తే ఇక నేర్చుకునేదేం ఉంది?

చప్పుడుకు బదులు పాటనే బహుమానంగా పెట్టొచ్చు. కెనడాలో కాల్గరీ విశ్వవిద్యాలయంలో బిన్ హు బృందం చేసిన ఆంబులోసోనో పద్ధతి అదే. అంగ చాలినంత ఉన్నంతసేపు పాట వస్తుంది, కురచైతే ఆగిపోతుంది. సెన్సర్ లేకుండా కూడా ఇది ఆడొచ్చు. మీరు పక్కన నడుస్తూ టైల్ గీతలు చూడండి, మూడు అడుగులు వరసగా కురచైతే ఫోనులో పాట ఆపేయండి, సాగదీయగానే పెట్టండి. మనవరాలికి ఈ పని అప్పగిస్తే ఇద్దరికీ కాలక్షేపం.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో ఒక చిక్కు ఉంది. వాటిలో చప్పుడు సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా ఆలస్యంగా వస్తుంది. మెట్రోనోమ్‌కు దానివల్ల నష్టం లేదు, అన్ని దెబ్బలూ ఒకేలా ఆలస్యమవుతాయి కదా. కానీ అడుగుకు బదులు పలికే చప్పుడు ఆలస్యమైతే, కాలు ఆనిన తర్వాత ఎప్పుడో మోగి మనిషిని తికమక పెడుతుంది. అందుకే ఈ మెట్టులో నేరుగా బజర్, లేదా తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు. ఏవైనా ఒక చెవికే పెట్టండి.

మలుపులు, గడపలు

అతుకుపాటు ఎక్కువగా వచ్చేది తిన్నటి దారిలో కాదు. మలుపులో, గడప దగ్గర, లిఫ్టు తలుపు మూసుకుంటుందన్న కంగారులో, బాత్రూంలో.

మలుపు తిరగడం విడిగా నేర్పండి. ఉన్నచోటే గిర్రున తిరగకూడదు. ఆటో తిరిగినట్టు వెడల్పుగా, తాళానికి ఒక్కో అడుగు వేస్తూ అర్ధచంద్రాకారంలో తిరగాలి. మలుపులో తాళం ఆపకండి.

కాళ్లు అతుక్కున్నప్పుడు చెయ్యి పట్టి లాగడం అన్నిటికంటే ప్రమాదం, ఒళ్లు వస్తుంది కాళ్లు రావు. వరస ఇలా ఉండాలి. ఆగండి. నిటారుగా నిలబడి ఒక ఊపిరి తీసుకోండి. బరువు ఎడమ కాలి మీదకు, మళ్లీ కుడి కాలి మీదకు, మెల్లగా ఊగండి. తాళం నాలుగు దెబ్బలు వినండి. ఇప్పుడు పెద్ద అంగ. మీరు పక్కనుండి "నాన్నా, ఆగి... ఊగి... ఇప్పుడు వెయ్" అని ఇంతే మాటలు, ఇదే వరసలో, ప్రతిసారీ అనండి. ఇంట్లో అందరూ ఒకేలా అనాలి. నలుగురూ నాలుగు సలహాలిస్తే కాళ్లతో పాటు బుర్ర కూడా ఆగిపోతుంది.

గడప దగ్గర కంటికి గీత కూడా సాయం చేస్తుంది. గడపకు ముందు అంగ ఎడంలో అడ్డంగా రెండు మూడు రంగు టేపు గీతలు వేయండి. ముగ్గు గీతలు దాటడం మన కాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటే, అది ఇక్కడ అక్కరకొస్తుంది.

ఎన్నాళ్లు, ఎంతసేపు

యూరప్‌లో జరిగిన క్యుపిడ్ ప్రాజెక్టు అచ్చం ఈ పనికే పుట్టింది. బూట్లకు సెన్సర్లు, జేబులో స్మార్ట్‌ఫోను, నడకను బట్టి మాట్లాడే చప్పుళ్లు. 2016లో వచ్చిన దాని ఫలితాల్లో 40 మంది పాల్గొన్నారు, ఆరు వారాల పాటు వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట. సెన్సర్ వాడినవాళ్ల నడక వేగం పెరిగింది. సెన్సర్ లేకుండా అంతే శ్రద్ధగా నడిచినవాళ్లదీ పెరిగింది. తేడా వచ్చింది నిలకడలో, ఒంటి పట్టులో. సెన్సర్ అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు. వారానికి మూడు రోజులు నడిపించే మనిషి దొరకడమే సగం వైద్యం.

ఆ లెక్కే మీరూ పెట్టుకోండి. మొదట పది నిమిషాలు, రెండు వారాల్లో అరగంటకు. ప్రతి అయిదు నిమిషాలకు ఒక నిమిషం చప్పుడు ఆపి, అదే తాళం మనసులో పాడుకుంటూ నడిపించండి. చప్పుడు లేనప్పుడూ నడక నిలవాలనే ఇది. ఎందుకంటే, బ్రిటన్, బెల్జియం, నెదర్లాండ్స్‌లో 153 మందికి ఇళ్ల దగ్గరే తాళంతో శిక్షణ ఇచ్చిన 2007 నాటి అధ్యయనంలో, మూడు వారాల్లో వచ్చిన మేలు, శిక్షణ ఆపేశాక ఆరు వారాలకు చాలావరకు జారిపోయింది. అంటే ఇది ఒక కోర్సు చేసి వదిలేసేది కాదు. ఆరు వారాల తర్వాత వారానికి రెండు రోజులైనా సాగాలి.

నడుస్తూ మాట్లాడించకండి, ఫోనులో పలకరించనీయకండి, చేతిలో కాఫీ గ్లాసు పెట్టకండి. ఈ జబ్బులో రెండు పనులు ఒకేసారి చేస్తే ముందుగా దెబ్బతినేది నడకే. వీధిలోకి ఇయర్‌ఫోన్లతో వెళ్లడం మొదటి ఆరు వారాలు వద్దే వద్దు. తర్వాత కూడా ఒక చెవికే, తోడుంటేనే, బండ్లు రాని పార్కులోనే.

కొలత ఎలా రాయాలి

పిల్లల నోటుబుక్కులో ఒక పేజీ చాలు. తేదీ, మాత్ర వేసుకున్న టైము, నడిచిన టైము, చప్పుడు లేకుండా పది బండలకు అడుగులు, సెకన్లు, చప్పుడుతో అడుగులు, సెకన్లు, ఎన్నిసార్లు అతుక్కున్నారు, ఎక్కడ. వారానికి ఒక్కసారి, అదే రోజు, మాత్ర వేసుకున్న తర్వాత అంతే వ్యవధికి కొలవండి. దీనికి తోడు నెలకోసారి కుర్చీ పరీక్ష. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు (అయిదు టైల్స్) నడిచి, తిరిగి, వచ్చి కూర్చోడానికి ఎన్ని సెకన్లు? 12 సెకన్లు, ఆ పైన పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క.

రెండు వారాలైనా అడుగుల సంఖ్య తగ్గకపోతే తాళం వేగం మార్చండి, లేదా చప్పుడు రకం మార్చండి. నాలుగు వారాలకూ మార్పు లేకపోతే, లేదా ఉన్నట్టుండి పడిపోవడాలు ఎక్కువైతే, ఆ పేజీలు తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. "నడక బాగాలేదండీ" అంటే ఆయనకు ఏం తెలుస్తుంది? "మాత్ర వేసుకున్న మూడు గంటల తర్వాత 14 అడుగులు కాస్తా 19 అవుతున్నాయి, బాత్రూం గడప దగ్గర రోజూ రెండుసార్లు ఆగుతున్నారు" అంటే మందు వేళలు మార్చాలో మోతాదు మార్చాలో ఆయన అక్కడికక్కడే ఆలోచిస్తారు. నోటుబుక్కు ఇంట్లో మర్చిపోయే అలవాటుంటే ప్రతి పేజీనీ ఫోటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పడేయండి.